బొట్టు పెట్టిన ఐపీస్

14 అక్టోబర్ 2012, ఆదివారం

ఇయ్యాల పొద్దుటి సంగతి మొత్తం రాసి పెట్టుకోవాలనిపిస్తున్నది. ఏం విశేషం లేని పొద్దు. అందుకే.

నాలుగున్నరకు మెలకువ. వాకిలి ఊడ్చి సాన్పి చల్లిన. ముగ్గు... నాలుగు గీతలు, మధ్యల ఒక పద్మం, అంతే. గేటుకు తగిలించిన పాల ప్యాకెట్లు చేతికి చల్లగ తగిలినయి. స్నానం. దేవుని గదిలో దీపం. వెలుతురు తక్కువనిపించింది, వత్తి కొంచెం పైకి జరిపిన. ఐదింటి విమానం ఇంటి మీదుగ దిగింది. గూట్లె గ్లాసు సన్నగ మోగింది. ఆ మోత పోయేదాక స్తోత్రం ఆపి, మళ్లా అక్కడి నుంచే అందుకున్న. ఈ నాలుగేండ్లల్ల అలవాటైంది.

మిషన్ ముందు కూర్చున్న. రేపే ఎంగిలిపూల బతుకమ్మ. ఇంకా పదకొండు జాకెట్లున్నయి. ఆరున్నరకు సుజాత లేచి వచ్చింది. మరదలు. చాయ్ ఒక గుక్క తాగి, "వదినె, చక్కెర మొత్తం దేవునికే పెట్టినవా?" అన్నది. రోజుకొకటి అనకుంటే ఆమెకు తెల్లారదు.

ఏడింటికి తమ్ముడు శ్రీను నైట్ డ్యూటీ దిగి వచ్చిండు. ఎయిర్‌పోర్టు కార్గోలో పని. బండి వెనక తాడుతో కట్టిన పొడుగు అట్టపెట్టె. సుజాత వాకిట్లనే ఆపింది. రెండేండ్ల నుంచి అడుగుతున్న కూలరేనా అని. కాదు. టెలిస్కోపు. తోటి సూపర్‌వైజర్ చెన్నైకి బదిలీ అయి సామాన్లు తగ్గించుకుంటున్నడట.

"నీకే అక్కా" అన్నడు. "ఇరవై ఏండ్ల సంది నవగ్రహాల చుట్టు తిరుగుతున్నవ్. ఒక్కరి ముఖమన్న చూసినవా?"

నిజమే. చూడలే.

15 అక్టోబర్

శ్రీను ఒక్కటే షరతు పెట్టిండు. సూర్యుని దిక్కు తిప్పొద్దు, కన్ను పోతది. గొట్టం మీద తెల్ల రంగుతో రాసిండు కూడ... సూర్యుడు వద్దు.

పొద్దున అర్ఘ్యం ఇచ్చేటప్పుడు గొట్టాన్ని నా వీపు వెనక ఉంచి నిలబడ్డ.

17 అక్టోబర్

మేడ మీది మెట్ల గదిలో పెట్టుకున్న. మూడు కాళ్లు, ఒక గొట్టం, ముందర పెద్ద అద్దం. కన్ను పెట్టే దిక్కు చిన్న బుడ్డి లెక్క ఉన్నది. దాన్ని ఐపీస్ అంటరట. రెండున్నయి. ఒకదాని మీద 20, ఇంకోదాని మీద 4. సుజాతకు మాత్రం పెద్ద బుడ్డి, చిన్న బుడ్డి.

పగలు పెద్దరోడ్డు దిక్కు పెట్టి చూసిన. ఇరవై నంబరుతోటి మందుల దుకాణం బోర్డు ఎదురుంగ నిలబడ్డది, కాని అక్షరాలు అద్దంల చూసినట్టు ఎడమకు కుడి. ఎందుకట్ల?

నాలుగు నంబరు పెడితే ఏమీ లేదు. మబ్బు. ఇరవై అంటే ఎక్కువ, నాలుగంటే తక్కువ కావాలె గద అనుకున్న. శ్రీను ఫోన్ల చూసి చెప్పిండు, అంకె తగ్గితే బొమ్మ పెద్దగైతదట. అప్పుడర్థమైంది. దారం నంబరు కూడ అంతే, నంబరు పెరిగితే దారం సన్నం.

మరి పెద్ద బొమ్మ ఎందుకు మబ్బు పట్టింది? వాడికి తెల్వదు. నాకూ తెల్వదు.

20 అక్టోబర్, శనివారం

మాపటి దీపం పెట్టి మేడెక్కిన. పడమర దిక్కు చంద్రుడు, ఐదు రోజుల వాడు.

పెద్ద బుడ్డిలో... గుంతలు. వాన మొదటి చినుకులు పడ్డ బూడిద లెక్క. వెలుగు అంచు కాడ ఒక్కో గుంతకు ఒక్కో నీడ. ఇన్నేండ్లు ఉపవాసం ఉండి చూసి అన్నం తిన్న చంద్రుడు. ఇంత ఎగుడుదిగుడని ఎవ్వరూ చెప్పలే.

నాకు చూడాలని ఉన్నది మాత్రం శనిని. ప్రతి శనివారం నువ్వుల నూనె పోసేది ఆయనకే. ఆయన చుట్టు వలయం ఉంటదట. పంచాంగం తీసిన. ఇప్పుడు అస్తంగతం, సూర్యుని పక్కన ఉన్నడు. కార్తీకం దాక ఆగాలె.

సుజాతతో అంటే చేతిలో చాట కింద పెట్టింది. "శని ఎదురుంగ నిలబడొద్దని అయ్యగారు మనల్ని పక్కకు జరుపుతడు. నువ్వేమో గొట్టం పెట్టి గురి చూస్తనంటివి."

ఆయన నన్ను ఎట్లాగూ చూస్తనే ఉన్నడు గద అన్న. చాట మళ్లా చేతిలకు తీసుకున్నది.

24 అక్టోబర్, దసరా

పనిముట్లకు పూజ. కుట్టు మిషన్, కత్తెర, టేపు, శ్రీను బండి, వంటింటి కత్తి, మిక్సీ... అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్టు. టెలిస్కోపు కూడ పనిముట్టే గద. బొట్టు ముఖానికి పెడ్తం. దీని ముఖం ఎటున్నది? జర సేపు ఆలోచించిన. కన్ను పెట్టే దిక్కే ముఖం అనుకున్న. పెద్ద బుడ్డి అద్దం మీద, నడిమిట్ల, తడి పసుపు, దాని మీద కుంకుమ. చిన్న బుడ్డికి కూడ. మూడు కాళ్ల మీద జమ్మి ఆకు.

చూడసొంపుగ ఉండె.

25 అక్టోబర్

బొట్టు తుడిచిన. పోలే. తడిగుడ్డ పెట్టిన. ఎర్ర నీళ్లు అద్దం అంచు కిందికి దిగినయి. వెండి కుందులు తోమినట్టు విభూతి వేసి పైట కొంగుతో రుద్దిన. తళతళలాడింది. సంతోషపడ్డ.

26 అక్టోబర్

చంద్రుని మీద గీతలు. చుట్టూ పసుపు పొగ.

చంద్రునివి కావు. నేను గీసినవి.

28 అక్టోబర్

శ్రీను చూసి మండిపడ్డడు. ఆ సూపర్‌వైజర్ పాడైన సామాను అంటగట్టిండని, ఇప్పుడే ఫోన్ చేస్తనని. ఫోన్ చెవికి పెట్టిండు కూడ. అప్పుడు చెప్పిన. బొట్టు, తడిగుడ్డ, విభూతి, కొంగు, అన్ని.

ఫోన్ దించిండు. కోపం చేయలే. అది ఇంకా కష్టం. అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేండ్లు, నా చేతులల్ల పెరిగిండు. నా మీద కోపం చేసుడు వాడికి రాదు.

సుజాతకు వచ్చు. "దాని కంట్ల కుంకుమ కొట్టినవ్ వదినె. ఇగ అది మనల్నేం చూస్తది" అన్నది. నవ్వి నవ్వి కొంగు నోట్లె పెట్టుకున్నది. నాకూ నవ్వు వచ్చింది.

కొత్త ఐపీస్ తేవాలె. నేనే పోయి తెస్త అన్న.

10 నవంబర్

కోఠీ పోయిన. రెండు బుడ్లు ఖాళీ పసుపు డబ్బీలో పెట్టుకున్న. డబ్బీ బాగ కడిగిన. ఇప్పుడు జాగ్రత్త.

కాలేజీలకు మైక్రోస్కోపులు అమ్మే దుకాణం. ముసలాయన, తెల్ల గడ్డం. పెద్ద బుడ్డి వెలుగుకు పట్టి చాన సేపు తిప్పి తిప్పి చూసిండు. దీనికి బొట్టు ఎవరు పెట్టిండ్రు అని అడిగిండు. నేనే అన్న. నవ్వుతడనుకున్న. నవ్వలే.

"నేను కూడ దుకాణం తెరవంగనే ఊదు పొగ వేస్తనమ్మా. కాని అద్దాలకు దూరంగ వేస్త."

చాన సంగతులు చెప్పిండు. నాలుగు నంబరు ఇలాంటి చిన్న గొట్టానికి నప్పదట. గొట్టం పట్టుకొచ్చే వెలుతురు అంతే, దాన్ని మరీ సాగదీస్తే పల్చబడి మబ్బు అయితది. రవిక గుడ్డతో చీర కుట్టుమన్నట్టే గద అన్న. సరిగ్గ అంతే అన్నడు. నాలుగు నంబరును డబ్బాలో పెట్టి ఇచ్చుడు గొట్టం అమ్ముడుపోనీకే అట. పది నంబరు తీసుకొమ్మన్నడు. పాతదాంట్ల రెండే అద్దాలు, దీంట్ల నాలుగు.

బుడ్డి మెడ కొలత ఎంత అన్నడు. టేపు సంచిలనే ఉండె. కొలిచిన, ఒకటింబావు అంగుళం. దర్జీ వాళ్లు వస్తే పని తేలిక అన్నడు.

దుకాణంల ఉన్న గొట్టానికి పది నంబరు పెట్టి ముందటి కరెంటు తీగ చూపెట్టిండు. తీగ మీద ఏదో పొగ. పొగ ఉన్నదంటే ఆయన కన్ను పెట్టి చూసిండు. "నాకు సాఫ్ కనపడుతున్నదమ్మా. కొత్తదాంట్ల పొగ ఎక్కడిది?"

నా ఊపిరి తగిలిందేమో అన్న.

బస్సు గగన్‌పహాడ్ దాటేదాక డబ్బీ ఒళ్లోనే పెట్టుకొని కూర్చున్న. అద్దాలను తుడవొద్దు, ఊదాలె. అదొక్కటి మర్చిపోవద్దు.

27 నవంబర్, మంగళవారం

కార్తీకం. రేపు పున్నమి. తెల్లవారుజామున తులసి కాడ దీపం పెట్టి మేడెక్కిన.

పంచాంగంలో శుక్రుడు, శని ఇద్దరూ తులలోనే ఉన్నరు. తూర్పున ఎయిర్‌పోర్టు లైట్ల పైన శుక్రుడు దీపం లెక్క మండుతున్నడు. ఆయన పక్కన, వేలెడు దూరం లేదు, చిన్నగ, కదలకుండ ఒక చుక్క. పంచాంగం తప్పదు. మొక్కిన.

ముందు ఇరవై. చుక్క కొంచెం పొడుగ్గ ఉన్నదా? తర్వాత కొత్త పది. పెడుతుంటే గొట్టం ఊగింది. ఆగిన. చూసిన.

ఒక పొగ ముద్ద. చుట్టూ వెంట్రుకల లెక్క వెలుతురు.

వలయం లేదు.

29 నవంబర్

కోఠీ దుకాణం సాబ్‌కు ఫోన్ చేసిన. ఐపీస్ తప్పు కాదన్నడు. శని ఇంకా కింద ఉన్నడమ్మా, పైకి రానియ్యండి, గాలి నిలకడ కావాలె అన్నడు. ఇరవై ఏండ్లు తిరిగినదానివి. ఇంకో నెల తిరుగుతవ్. ఇది నాకు నేను చెప్పుకున్న మాట.

8 డిసెంబర్

శనివారం. గుడి నుంచి వచ్చేటప్పుడు హైవే కాడ పది నిమిషాలు నిలబడ్డ, దాటలేక. ఎదురొచ్చే బండ్ల లైట్లకు కూడ వెంట్రుకలు మొలుస్తున్నయి. శని చుట్టు చూసినట్టే.

మంచు కావచ్చు.

19 డిసెంబర్

ఎనిమిది నంబరు ఉంటదేమో అని కోఠీ సాబ్‌ను అడిగిన. అట్టముక్కకు బొక్క చేసి గొట్టం ముందర పెట్టి చూసిన. గొట్టం చల్లబడాలని గంట ముందే బయట పెట్టిన. ఒక్కోటి చేసి చూస్తుంటే బాగనే ఉంటది. కుట్టు పడని మిషన్‌ను కూడ ఇట్లనే చూస్త. సూది మార్చాలె, దారం మార్చాలె, నూనె వేయాలె. ఏది కాదో తెలిస్తే ఏదో తెలుస్తది.

పొగ పోలే.

12 జనవరి 2013, శనివారం

మెల్లగ రాస్త.

ఐదింటికి శని నడినెత్తి దిక్కు సగం దాక ఎక్కిండు. ఎయిర్‌పోర్టు వెలుతురుకు పైన. చలిగాలి. పది నంబరు పెట్టి కుడి కన్నుతో చూసిన. ఎప్పటి పొగ ముద్దనే. చలికి కంట్ల నీళ్లు. కొంగుతో కన్ను ఒత్తుకుంటూ, ఊరికె ఎడమ కన్ను పెట్టిన.

ఉన్నడు.

వలయం ఉన్నది. చిన్నగ, గోరంత, కాని గీసినట్టు. నడుమ గుండు, చుట్టు పళ్లెం, పళ్లేనికీ గుండుకూ మధ్యల నల్ల సందు. దేవుని గదిలో పళ్లెంల పెట్టిన నిమ్మకాయ లెక్క. అంత నిమ్మళంగ కూర్చున్నడు. ఈయనకా మనం భయపడేది?

చేతులు జోడించిన. అప్పుడు మళ్లా కుడి కన్ను పెట్టిన. పొగ. ఎడమ... వలయం. కుడి... పొగ. ఏడుసార్లు మార్చిన. ఎనిమిదోసారి మార్చలే.

ఐపీస్ బాగుంది. గొట్టం బాగుంది. గాలి బాగుంది.

కిందికి వచ్చి దీపం పెట్టిన. చేయి వత్తి దిక్కు పోయింది. ఆపుకున్న.

13 జనవరి

ఎవరికీ చెప్పలే.

3 ఫిబ్రవరి

బాపు యాదికొస్తున్నడు. ఆఖరు రెండేండ్లు ప్రతి మాపు అదే మాట. "బిడ్డా, వత్తి చిన్నగ పెట్టినవా ఏంది?" పెద్దగ పెడితే, నూనె మంచిది కాదనేటోడు. దీపాన్ని అన్నడు, నూనెను అన్నడు, చిమ్నీని అన్నడు. కన్ను అని ఒక్కసారి అనలే. దవాఖానకు తీసుకపోయేసరికి నీటికాసులని, కంట్ల ఒత్తిడి పెరిగే రోగమని చెప్పిండ్రు. శుక్లం పొర అయితే తీసేటోళ్లం, ఇది పోయింది రాదు అన్నరు.

నేను నాలుగు నెలల సంది బుడ్డిని అంటున్న.

పొర కావచ్చు. అది కూడ కావచ్చు. రెంటిట్ల ఏదో ఆ గొట్టంల కనపడదు.

11 ఫిబ్రవరి

కొత్తూరు నుంచి యాదమ్మ వచ్చింది, చెల్లె. తన బిడ్డ జాకెట్ తిప్పి చూపెట్టింది. నీలం గుడ్డకు నల్ల దారం కుట్టిన. కుడి కన్నుతో చూస్తే రెండూ ఒక్కటే. "అక్కా, నువ్వు దారం తప్పుడా!" అన్నది. కరెంటు లేకుండె అన్న.

అబద్ధం. ఉండె.

దేవుని ముందర ఒప్పుకున్న. యాదమ్మ ముందర ఒప్పుకోలే.

2 మార్చి

ఒక చిన్న సంగతి కనిపెట్టిన. చత్వారం అద్దాలు పెట్టుకొని చూస్తే కన్ను ఐపీస్‌కు ఆనదు, వలయం సగమే కనపడతది. అద్దాలు తీసేసి, గొట్టం పక్కన మర జర తిప్పితే మళ్లా సాఫ్. కంటికి ఏది తక్కువో అది మర పూడుస్తున్నది. ఎవరి కన్నుకు తగ్గట్టు వాళ్లు తిప్పుకోవచ్చన్నట్టు.

పొగను మాత్రం మర పూడ్చదు. అది కూడ చూసిన.

16 మార్చి, శనివారం

సుజాత పట్టుకున్నది.

సూదిల దారం ఎక్కిస్తున్న. కుడి కన్ను మూసుకొని. వాకిట్ల నిలబడి ఎంత సేపు చూసిందో. వచ్చి సూది తీసుకొని తనే ఎక్కించింది. ఎన్ని దినాల సంది అని అడిగింది. జనవరి అన్న. అక్టోబర్ సంది కాదా అన్నది. కావచ్చు అన్న.

శని చూపు అని తిడతదనుకున్న. ఆ మాట నోటి దాక వచ్చింది, కనపడ్డది. మింగింది.

"రేపు పొద్దుగాల నన్ను లేపు" అన్నది. "ఆ బుడ్డిల నేను చూస్త. పొగ దాంట్లున్నదో నీ కంట్లున్నదో నేను చెప్త."

17 మార్చి

ఐదింటికి లేపిన. తల మీద కొంగు, కాళ్లు కడుక్కొని, నోట్లె ఏదో చదువుకుంటూ ఎక్కింది. మెట్ల మీద రెండుసార్లు ఆగింది. శనిని గురిల పెట్టి ఇచ్చిన. ముందు కుడి కన్ను, తర్వాత ఎడమ కన్ను పెట్టాలె అని చెప్పిన. అట్లనే పెట్టింది.

చాన సేపు లేవలే.

"రెండు కండ్లకు ఒక్క తీరుగనే ఉన్నడు వదినె" అన్నది. "చెవికి కమ్మ పెట్టినట్టున్నడు."

అంతే అన్నది. కిందికి పోయి తలకు పోసుకున్నది. తడి వెంట్రుకలతోనే పోయి శ్రీనును లేపింది.

అదే దినం, మాపు

శ్రీను ఒక్కటే అడుగుతున్నడు. అక్కా, సూర్యుని చూసినవా? లేదు అన్న. ఒక్కసారన్న, మర్చిపోయి? లేదు. అర్ఘ్యం ఇచ్చేటప్పుడు? లేదురా. గొట్టం మీద తను రాసిన అక్షరాలు పోయి చూసి వచ్చిండు. మళ్లా అడిగిండు.

తను తెచ్చిన సామాను వల్లనే అనుకుంటున్నడు. అన్నం తినలే.

బాపు దీపం సంగతి చెప్పిన. అప్పుడు ఇంకా తినలే.

22 మార్చి

దవాఖాన. సుజాత తోడు వచ్చింది. గదికొక మిషన్. గడ్డం పెట్టు, నుదురు ఆనించు, కదలకు. నవ్వు వచ్చింది. ఇప్పుడు నన్ను గొట్టంల చూస్తున్నరు.

డాక్టరమ్మ చిన్న పిల్ల, ముప్పై ఉంటయో లేవో. కుడి కన్నుకు పొర, బాగ ముదిరింది అన్నది. ఎడమ కన్నుకు అంచు మీద ఇప్పుడిప్పుడే. పొర అనంగనే సుజాత నా చెయ్యి పట్టుకొని గట్టిగ ఒత్తింది. పొర తీసి లోపల కొత్త అద్దం పెడ్తరు. దూరం సాఫ్ కనపడేది పెట్టాల్నా, దగ్గరిది సాఫ్ కనపడేదా, ఇంట్ల ఆలోచించుకొని రమ్మన్నది. రెండోదానికి కండ్లద్దాలు పెట్టుకోవాలె.

బాపు సంగతి అడిగింది. చెప్పిన. రాసుకున్నది. కుడి కన్నుల ఒత్తిడి జర ఎక్కువున్నది, ఒక్కసారి చూసి చెప్పలేము, రెండు వారాలు ఈ చుక్కలు వేసి మళ్లా రమ్మన్నది.

పొర ఉన్నది. ఇంకోటి ఉన్నదో లేదో ఇంకా తెల్వదు.

బయటికొచ్చినంక సుజాత అడిగింది, లోపల పెట్టేది ఎన్ని నంబరు బుడ్డి అని. బల్ల మీద కూర్చున్నోళ్లు తిరిగి చూసేటట్టు నవ్వినం ఇద్దరం.

30 మార్చి

చుక్కలు పొద్దున, మాపు. జపం లెక్కనే, టైమ్ తప్పొద్దు.

ఒక ఆలోచన. నా కంట్లె అద్దం కూడ ఒక ఐపీసే అయితే... అది మబ్బు పట్టిందని ఇన్ని దినాలు బయటి అద్దాలు మారుస్తుంటి. బయటిదాన్ని ఊదాలె, రుద్దొద్దు. లోపలిదాన్ని ఏం చేస్తరో చూడాలె. భయం ఉన్నది. చూడాలని కూడ ఉన్నది. ఏది ఎక్కువో తూచలే.

6 ఏప్రిల్, శనివారం

మాపు అందరూ కూర్చున్నరు. యాదమ్మ కొత్తూరు నుంచి వచ్చింది. వచ్చీ రాంగనే జాకెట్ దారం సంగతి ఎత్తింది. "కరెంటు లేకుండెనా అక్కా?" అన్నది. తలకాయ వంచుకున్న. అది చాలనుకున్నది.

దగ్గరిదా, దూరందా? ఆ మాట మీద చాన సేపు. దూరందే పెట్టియ్యాలె, హైవే దాటాలె గద అని యాదమ్మ. మిషన్ ఉన్నది, పారాయణం ఉన్నది, దగ్గరిదే అని శ్రీను. తర్వాత గొంతు తగ్గించి, మరి నీకు శని కనపడాలె గద అక్కా, అది చాన దూరం అన్నడు. మర సంగతి చెప్పిన. ఏ అద్దం పెట్టినా మర తిప్పుకుంటే శని సాఫ్‌గనే వస్తడు, హైవే కాడ మాత్రం కండ్లద్దాలు పెట్టుకుంట అని. ముగ్గురూ నా దిక్కు చూసిండ్రు. ఇవన్ని ఎప్పుడు చూసినవని యాదమ్మ అడిగింది.

ఇగ ఖాయం చేసినవి ఇవి.

సోమవారం మళ్లా దవాఖాన, ఒత్తిడి చూపెట్టాలె. శ్రీను డ్యూటీ మార్చుకుంటడు. అది పొర ఒక్కటే అయితే ఉగాది పోయినంక ఆపరేషన్, దగ్గరి అద్దం. రెండోది కూడ ఉన్నదంటే... ఆ మాట దాక వచ్చి శ్రీను ఆగిండు. అప్పుడు మళ్లా కూర్చుందం అన్నది యాదమ్మ.

నేను హైవే ఒక్కదాన్ని దాటొద్దు. శనివారం నూనె సుజాత పోసి వస్తది. ఎదురుంగ నిలబడే పోస్త, చూసిన ముఖమే గద అన్నది.

టెలిస్కోపు అమ్మొద్దు, ఎవరికీ ఇయ్యొద్దు. మెట్ల గదిలనే ఉంటది. కాని డాక్టరమ్మ సరే అనేదాక కుడి కన్ను దానికి పెట్టొద్దు. శ్రీను నాతో ఒట్టు వేయించుకున్నడు. వేసిన.

ఎడమ కన్ను పెట్టుడు సంగతి ఎవ్వరూ తీయలే. సుజాత నా దిక్కు చూసింది. ఆమె కూడ తీయలే.